తాడు పట్టిన చేతికి వాటా

పోయిన వారం ఈశ్వరిని కోటబొమ్మాళి స్టేషన్లో సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ప్యాసింజరు ఎక్కుతుందా, లేచి ఇంటికి పోతుందా అన్నది తేలలేదు. ఎక్కింది. ఎక్కక ఏం చేస్తుంది? కన్నతండ్రి లక్ష్ముడు వైజాగ్‌లో పోలీసుల చేతిలో ఉన్నాడు. గరివిడిలో ఒక ఇంట్లో ఏడేళ్ళ పిల్ల ఫొటోకి దండ వేసి ఉంది. ఆ ఇంటికీ ఈ తండ్రికీ మధ్య ఉన్నది ఒక్క చేప.

ఈ వారమే పుస్తకం తెరిచినవాళ్ళకి కథ ఎక్కడుందో చెప్పాలి కదా. ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు మరపడవలు వేటకి పోకూడదని సర్కారు నిషేధం. లక్ష్ముడి ఊరు చిన్నరేవుపేట. అక్కడి మగవాళ్ళు ఆ రెండు నెలలూ వలలు బాగుచేసుకుంటూ, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడుపుతారు. ఈ వేసవిలో మాత్రం వైజాగ్ నుంచి ఒక కంపెనీ వెతుక్కుంటూ వచ్చింది. పట్నం చూడటానికి వచ్చే జనానికి ఏటేటా కొత్తది కావాలి. గాజు వంతెన ఎక్కేశారు, నీళ్ళ మీద తేలే వంతెన నడిచేశారు. ఇప్పుడు 'వల పండుగ'. టిక్కెట్టు కొనుక్కుని పొద్దున్నే ఇసుకలో నిలబడి, అసలు సిసలు జాలరులతో కలిసి ఒడ్డువల తాడు లాగొచ్చు. అసలు సిసలు జాలరి కావాలంటే లక్ష్ముడిని మించినవాడు ఎక్కడ దొరుకుతాడు? తెల్లటి మీసం, తలకి తువ్వాలు, తాడు పట్టి పట్టి మొద్దుబారిన చేతులు. అతని ఫొటో జిల్లా జిల్లాకీ అంటించారు.

సముద్రం టిక్కెట్టు చూసి చేపనివ్వదు. వల ఖాళీగా వస్తే జనం ముఖాలు మాడిపోతున్నాయి. అందుకని మేనేజరు ధర్మేంద్ర ఒక ఏర్పాటు చేశాడు. పెట్టెల్లో ఐసు చేపలు తెప్పించి, జనం రాకముందే వల సంచిలో పోయించడం, ఆట అయ్యాక మళ్ళీ పెట్టెల్లోకి ఎత్తించడం, మర్నాడు మళ్ళీ అవే. లక్ష్ముడు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఆ చేప ఎవరి నోట్లోకీ పోకూడదు. పెట్టెల పని చూసేవాడు త్రినాథ్. ఈశ్వరి మొగుడు, లక్ష్ముడికి మేనల్లుడు, అల్లుడు.

ఒక శనివారం ఆ తాడు లాగిన గరివిడి పిల్ల, అక్కడ ఇచ్చిన చేప తిని తెల్లారేసరికి ప్రాణం విడిచింది. తండ్రి ధనరాజ్ విజయనగరం ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. పురుగుమందు అన్నారు డాక్టర్లు. రూలు మీరి చాటుగా చేప అమ్ముకున్నాడని కంపెనీ లక్ష్ముడి మీదకి తోసేసింది. లక్ష్ముడు పోలీసులకి చెప్పిన మాట ఒక్కటే. "నానే ఇచ్చినాను."

అంతకు మించి నోరు విప్పడు. ములాఖత్‌కి వెళ్ళిన కూతురితో కూడా అదే మాట.

ఈశ్వరిని గరివిడి పంపింది త్రినాథే. "నువ్వు ఆడదానివి, నువ్వెల్తే తలుపు తీస్తారు. కాళ్ళ మీద పడు. ఆళ్ళ కాడ ఏటున్నాదో ఓపాలి సూసి రా" అన్నాడు. ఆ శనివారం తను ఇసుకలోనే లేనని, కొత్తవలసలో ఐసు లోడు దగ్గర ఉన్నానని కూతురు ఉష తల మీద చెయ్యి పెట్టి మరీ చెప్పాడు. ఈశ్వరి నమ్మింది. కూతురి తల మీద చెయ్యి పెట్టి చెప్పిన మొగుడిని నమ్మకపోతే ఇంక ఎవర్ని నమ్మాలి?

* * *

గరివిడి స్టేషన్లో దిగేసరికి ఎండ నెత్తి మీదకొచ్చింది. ఫ్యాక్టరీ గొట్టం వైపు నడుచుకుంటూ, అడుగుతూ, ఈశ్వరి క్వార్టర్స్ వెనక వీధిలోకి తిరిగింది. మలుపులో ప్రహరీ గోడ మీద ఆ పోస్టరు ఉంది.

'ఈ వేసవి వైజాగ్‌లో కొత్త సందడి! వల లాగుదాం రండి!' కింద తండ్రి నవ్వుతున్నాడు. నవ్వుతున్నాడని తనకి తెలుసు కాబట్టి తెలిసింది. ముఖం మీద ఎవరో పేడ కొట్టారు. అది ఎండిపోయి, ఒక కన్నూ సగం మీసమూ మాత్రం మిగిలాయి.

ఈశ్వరి అటూ ఇటూ చూసింది. వీధిలో ఎవరూ లేరు. కొంగు తడిపి తుడిచేద్దామా అనిపించింది. చెయ్యి గోడ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ వీధి పిల్ల పోయింది. పేడ కొట్టిన చెయ్యికి ఆ పాటి హక్కు ఉంది. తలొంచుకుని ముందుకి నడిచింది.

పొద్దున్న నిమ్మతొక్కతో ఒళ్ళంతా రుద్దుకుని, తలకి కుంకుడు పోసుకుని, పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుని బయల్దేరింది ఈశ్వరి. పన్నెండేళ్ళుగా కోటబొమ్మాళి సంతలో చేపల గంప ముందు కూర్చునే మనిషి. ఆ ఇంట్లోకి ఆ వాసన తీసుకెళ్ళకూడదని తాపత్రయం. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లోంచి అది పోదని ఆమెకీ తెలుసు.

అరుగు మీద ఒక ముసలాయన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. చచ్చిపోయిన పిల్లకి తాత, తల్లికి తండ్రి, జోగయ్య. పొలం పనులు వదిలేసి కూతురి దగ్గరే ఉంటున్నాడు.

"ఎవుల తాలూకా?" అన్నాడు.

"పద్మకుమారమ్మ గారి ఇల్లు ఇదేనా బాబూ?"

"ఎవుల తాలూకా అని అడగతన్నాను."

అబద్ధం చెప్పడానికి ఈశ్వరికి రైల్లో నాలుగు మాటలు తట్టాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"నాను లక్ష్ముడి కూతుర్ని."

ముసలాయన లేవలేదు. అరవలేదు. ఆమెని కాళ్ళ దగ్గర్నుంచి తలదాకా ఒకసారి చూశాడు.

"దిగు" అన్నాడు. "నా సేతిలో ఏటీ నేదు. ఏదైనా అందకముందే దిగిపో."

"ఒక్క మాట అడిగి ఎలిపోతాను బాబూ."

"మాటేటి? మా గుంటకి మాటలొచ్చీవి. గలగలమని వాగీది. మీ అయ్య సేప పెట్టినాడు, మాట పడిపోనాది. నువ్వు నా గుమ్మం కాడ నిలబడి మాటంతావేటే?"

లోపలి నుంచి సన్నటి గొంతు వచ్చింది. "నాయినా. రానీ."

"అమ్మీ, ఈవిడెవులో తెలుసా?"

"వింటున్నాను. రానీ నాయినా."

* * *

గదిలో పగలే చీకటిగా ఉంది. కిటికీ రెక్కలు మూసేసి ఉన్నాయి. గోడ పక్కన పిల్ల చెప్పులు, ఒక గులాబిరంగు ప్లాస్టిక్ బకెట్. బకెట్ అడుగున కొంచెం ఇసుక, రెండు గవ్వలు. వైజాగ్ ఇసుక. తీసి పారబోయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

పద్మకుమారి మంచం అంచున కూర్చుని ఉంది. ఈశ్వరి వయసే ఉంటుంది, ముప్ఫై మూడో నాలుగో. ఈశ్వరి గడప దాటి నాలుగడుగులు వేసేసరికి ఆమె ముక్కుపుటాలు అదిరాయి. చప్పున కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఈశ్వరి ఉన్నచోటే ఆగి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"రాజీకి పంపించారా?" అంది పద్మకుమారి.

"పంపినోడు దానికే పంపినాడమ్మా. నాను వచ్చింది దానికి కాదు."

"మరి?"

"మా అయ్య ఆ సేప మీకు అమ్మినాడా, ఊరికే ఇచ్చినాడా?"

"నా కూతురు పోయింది. అమ్మితే ఏంటి, ఇస్తే ఏంటి?" అంది పద్మకుమారి.

నిజమే. ఈ ఇంట్లో ఆ ప్రశ్నకి విలువ లేదు. కానీ చిన్నరేవుపేటలో దానికి ఉన్న విలువ ఈశ్వరి ఎలా చెప్పగలదు? అయినా చెప్పడానికి ప్రయత్నించింది. అక్కడ ఒడ్డువల లాగేటప్పుడు ఎవరైనా వచ్చి తాడు పట్టొచ్చు. పక్క ఊరివాడు, ముసలిది, దారినపోయే బిచ్చగాడు, చంటిపిల్ల, ఎవరైనా సరే. తాడు మీద చెయ్యి వేశాక వాళ్ళకి వాటా పడి తీరాలి. చిన్నదో పెద్దదో ఒక చేప చేతిలో పెట్టి పంపాలి. ఆ వాటా ఎగ్గొట్టినవాడి కంటే, అమ్ముకున్నవాడు నీచం. అలాంటివాడి వల తాడు మళ్ళీ ఎవరూ పట్టరు.

"మా అయ్య అమ్మినాడంటే, నాను ఇక్కడే మీ కాళ్ళ కాడ సచ్చిపోతానమ్మా. నాను అయ్యకోసం ఎవుల్నీ బతిమాలను. జైల్లోనే ఉండనీ. ఇచ్చినాడంటే, ఆ ముక్క ఒక్కటీ మీ నోటంట పోలీసోళ్ళకి సెప్పండి. అంతే."

పద్మకుమారి కొంగు ముక్కు మీంచి తీసింది.

"ఇచ్చాడు" అంది. "నేను వద్దన్నాను కూడా. రూపాయి తీసుకోలేదు. నన్నెవరూ అడగలేదు. మా ఆయన అలా పడి ఉన్నాడు, నాకు ఒంటి మీద తెలివి లేదు. కంపెనీ తరఫున ఎవరో కాయితం రాసుకొచ్చారట, మా బావగారు సంతకం పెట్టేశారు."

ఈశ్వరి రెండు చేతులూ నేల మీద ఆనించి తల వంచింది. ఏడుపు వచ్చింది కానీ ఏడవలేదు. ఈ ఇంట్లో తను ఏడవడం సిగ్గుచేటు అనిపించింది. తండ్రి నీచుడు కాడు. అంతవరకు ఊపిరి ఆడింది.

అక్కడితో లేచి వచ్చేసి ఉంటే ఆమె కాపురం ఇంకొన్నాళ్ళు నిలిచేదేమో. ఖర్మ, పద్మకుమారే ఆపింది.

"నువ్వు మీ నాన్నని చూస్తావా?" అంది.

"ఎక్కడమ్మా?"

పద్మకుమారి దిండు కింద నుంచి ఫోన్ తీసింది. "అమ్మడు తాడు లాగుతుంటే తీశాను. దాని ఆఖరి వీడియో. పోలీసులకి కూడా చెప్పలేదు. చెబితే ఫోన్ పట్టుకుపోతారు. ఇందులో దాని గొంతు ఉంది." ఫోన్ని అరచేత్తో తుడిచింది. "ఇంకెక్కడా లేదు. ఎప్పుడూ ఫొటోలే తీశాను. మాట్లాడిందంతా ఎప్పుడూ ఉంటుందనుకున్నాను."

దగ్గరికి రమ్మన్నట్టు తల ఆడించింది. ఈశ్వరి మోకాళ్ళ మీద జరిగి మంచం పక్కకి చేరింది.

తెరమీద సముద్రం, పొద్దుటి ఎండ. తాడు పొడుగునా టోపీలు పెట్టుకున్న జనం, కూలింగ్ గ్లాసులు, కేరింతలు. మధ్యలో పసుపు గౌను పిల్ల, తాడు కంటే పెద్ద పట్టుదలతో వెనక్కి వాలిపోయి లాగుతోంది. "అమ్మా, నేనే లాగుతున్నాను! వాళ్ళందరూ ఊరికే పట్టుకున్నారు!" పద్మకుమారి పెదాలు ఆ మాటతో పాటు కదిలాయి. ఎన్నిసార్లు చూసి ఉంటుందో.

వల ఒడ్డుకి చేరింది. చేపల కుప్ప. జనం మూగారు. ఆ కుప్పని ఈశ్వరి కన్ను ఇట్టే పట్టేసింది. గట్టిపడి, కళ్ళు లోపలికి పోయిన కానాగంతలు. పెట్టె చేపలు. అయితే కుప్ప పక్కన ఒకటి ఎగిరెగిరి పడుతోంది. సముద్రం ఆ రోజు నిజంగానే ఒకటి ఇచ్చింది. మోచేతి పొడుగు పండుగప్ప, పొలుసు తళతళలాడుతూ.

లక్ష్ముడు దాన్నే తీశాడు. కుప్పవైపు చూడను కూడా చూడలేదు. దాని మొప్పలో వేలు పెట్టి ఎత్తి పిల్ల ముందు కూర్చున్నాడు. "ఏ ఊరే గుంటా నీది?"

"గరివిడి తాతా."

"తాడు లాగినావా?"

"నేనే లాగాను. వాళ్ళు ఊరికే పట్టుకున్నారు."

ముసలివాడు నవ్వాడు. "సూసినానులే. ఇది నీ వాటా. పట్టు. గట్టిగా పట్టు, బతికున్నాది, జారిపోద్ది."

పద్మకుమారి గొంతు తెర వెనక నుంచి, "వద్దండీ, ఎందుకు, రైల్లో ఎలా పట్టుకెళ్తాం" అంటోంది. "వద్దనకూడదమ్మా. తాడు పట్టినాది కదా. కోయించి కట్టిత్తాను" అని, లక్ష్ముడు పక్కకి తిరిగి కేకేశాడు. "అల్లుడా! బేగి రా. ఈ సేప కోసి పాపకి కట్టియ్యి."

ఈశ్వరి తెర మీదకి వంగింది. అల్లుడా అని ఊళ్ళో ఎవరినైనా పిలవొచ్చు. చెల్లెలి కొడుకుని, వరసయ్యేవాడిని, ఎవరినైనా. ఆ నాలుగు క్షణాలూ ఆమె దాన్నే పట్టుకుని వేలాడింది.

తెరలోకి నీలం టీషర్టు వచ్చింది. గుండె మీద తెల్ల చేప బొమ్మ. త్రినాథ్ ముఖం నిండుగా, ఎండలో, నవ్వుతూ. వంగి పిల్ల చేతిలోంచి చేప తీసుకున్నాడు. "ఒక్క నిమిషం పాపా, ముక్కలు కొట్టి తెచ్చెత్తాను" అని రెండు వేళ్ళతో పిల్ల బుగ్గ లాగాడు. ఇంట్లో ఉష బుగ్గని లాగేది అచ్చం అలాగే. పిల్ల కెమెరా వైపు తిరిగి, "అమ్మా, నా చేప!" అంది.

వీడియో అక్కడితో ఆగిపోయింది.

"మా నాన్నలాంటివాడే అనిపించాడు మీ నాన్న" అంది పద్మకుమారి. "అందుకే తీసుకున్నాను. మా అమ్మడికి వాటా అన్నమాట తెగ నచ్చేసింది. రైల్లో పక్కవాళ్ళందరికీ చెప్పింది, నా వాటా నా వాటా అని."

ఈశ్వరి వినడం లేదు. కొత్తవలస, ఐసు లోడు, ఉష తల మీద చెయ్యి. ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అయినా మనసు ఇంకా సర్దుకుంటూనే ఉంది. ఉంటే ఉన్నాడు. భయపడి అబద్ధం ఆడాడు. కోసి ఇచ్చాడు, అంతేగా. బతికున్న చేప, అందులో విషం ఎలా వస్తుంది? ఎక్కడో ఇంకేదో జరిగింది. ఈ ఇంట్లోనే ఏదైనా...

ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అడక్కుండా ఉండలేకపోయింది.

"అమ్మా, మీకు ముక్కలు కట్టి ఇచ్చినాడు కదా. అందులో తోకలెన్ని?"

"ఏంటి?"

"తోకలమ్మా. ముక్కల్లో ఎన్ని తోకలున్నాయి?"

పద్మకుమారి ఆమెకి మతి పోయిందేమో అన్నట్టు చూసింది. కానీ జవాబు చెప్పింది, ఎందుకంటే ఆ లెక్క ఆమె మర్చిపోగలిగింది కాదు. "నాలుగు. అమ్మడికి వేయించిన తోకలంటే ఇష్టం, కరకరలాడుతాయని. రెండు నాకు, రెండు నాన్నకి అని పంచింది. మళ్ళీ నాన్నవి కూడా అదే తినేసింది. నేను శనివారం నీచు ముట్టను. వేయించి పెట్టింది మాత్రం నేనే."

ఒక చేపకి నాలుగు తోకలుండవు.

ఆ మాట ఈశ్వరి పైకి అనలేదు. అనాల్సిన పనీ లేకపోయింది. పద్మకుమారి చూపు ఫోన్ మీదకి వెళ్ళింది, అక్కడే నిలిచిపోయింది. వేలితో వీడియోని వెనక్కి జరిపింది. ఒక్క చేప. పిల్ల రెండు చేతుల్లోనూ పట్టనంత ఒక్క చేప.

"నేను చూడలేదు" అంది మెల్లగా. "నల్ల కవర్లో కట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి విప్పాను. చల్లగా ఉన్నాయి. ఐసులో పెట్టి తెచ్చాడు, మంచివాడు అనుకున్నాను. కడుగుతుంటే పెరట్లో వాటి మీద ఒక్క ఈగ వాలలేదు. ఎంత శుభ్రమైన చేపో అనుకున్నాను. మా అత్తతో ఫోన్లో కూడా చెప్పాను, ఈగ కూడా వాలలేదత్తా అని."

ఈశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నెల కిందట త్రినాథ్ ఇంటికొచ్చి అన్నం తింటూ నవ్విన నవ్వు గుర్తొచ్చింది. "ఒసే, మూడు రోజుల సేప ఎండలో పోసినా ఇప్పుడు ఈగ వాలదే. ధర్మేంద్ర సారు మందు తెప్పించినాడు. పత్తి సేలకి కొట్టే మందు. ఈగలు ముసురుకుంటే టూరిస్టులు ముక్కు మూసుకుంటన్నారని." అప్పుడు తనూ నవ్వింది. ఎవరూ తినేవి కావుగా అనుకుని నవ్వింది.

బతికున్న పండుగప్ప ఎవరింటికి పోయిందో ఇప్పుడు అడగక్కర్లేదు. అంత మంచి చేప టూరిస్టు పిల్లకి ఎందుకు, సారు గారి మధ్యాహ్నం భోజనానికి పంపితే మంచిచేసుకోవచ్చు అనుకుని ఉంటాడు. చేతికందిన పెట్టెలోంచి నాలుగు కానాగంతలు తీసి కోసి కట్టేశాడు. చంపాలని కాదు. ఆ మాట నిజమే. కానీ ఆ మాటతో ఎవరి కడుపుమంట చల్లారుతుంది?

మరి తండ్రి? నానే ఇచ్చినాను, నానే ఇచ్చినాను. ముసలివాడికి తెలిసిపోయిందా? పండుగప్ప తిన్న పిల్ల పురుగుమందుతో ఎలా చచ్చిపోయిందో లాకప్‌లో కూర్చుని ఆలోచించి, అల్లుడిని తన వెనక దాచేసి, కూతురి తాళి తన నోట్లో పెట్టుకుని కూర్చున్నాడా? ఈశ్వరికి తండ్రి మీద ఎన్నడూ రానంత కోపం వచ్చింది. ప్రేమ కూడా అందులోనే ఉంది.

"ఎవడు మార్చాడు?" అంది పద్మకుమారి. గొంతు ఇప్పుడు సన్నగా లేదు. "ఈ నీలం చొక్కా వాడు ఎవడు?"

ఇదిగో, ఇక్కడే నేను ఈశ్వరి పక్షాన మాట్లాడలేను. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. ఆమె చెప్పలేదు. పన్నెండేళ్ళుగా అతని తప్పుల మీద కొంగు కప్పడం అలవాటైన నోరు అది. తాగొచ్చిన రోజు జ్వరం అని చెప్పింది, పని మానేసిన రోజు ఊరెళ్ళాడని చెప్పింది. ఇవాళ కూడా ఆలోచించకముందే నోరు కదిలింది.

"తెల్దమ్మా. ఎవులో కంపెనీ మనిసి."

"మీ నాన్న అల్లుడా అన్నాడు."

"అందర్నీ అలాగే అంతాడమ్మా."

పద్మకుమారి నమ్మింది. తలూపింది కూడా. ఆ తలూపు చూసి ఈశ్వరి కళ్ళు దించుకుంది.

అప్పుడు మోగింది ఫోన్. ఈశ్వరిది. నడుము దగ్గర దోపుకున్న చిన్న సంచిలోంచి తీసి నోరు నొక్కేద్దామనుకుంది. చేతులు చెమటతో జారాయి. ఫోన్ నేల మీద పడింది, వెల్లకిలా, వెలుగుతూ.

తెర నిండా త్రినాథ్. ఉద్యోగంలో చేరిన రోజు, నీలం టీషర్టు కొత్తగా తొడుక్కుని, గుండె మీద చేప బొమ్మ కనపడేలా ఎదురొమ్ము విరుచుకుని నిలబడితే ఈశ్వరే తీసిన ఫొటో. కింద 'బావ' అని పేరు.

పద్మకుమారి వంగి చూసింది. తన చేతిలో ఉన్న ఫోన్లో ఆగిపోయిన ముఖాన్ని చూసింది. మళ్ళీ కింద చూసింది. తిట్టి ఉంటే ఈశ్వరి తట్టుకునేది. ఆమె కేవలం ఈశ్వరి ముఖంలోకి చూసింది, ఇందాక తలూపిన కళ్ళతోనే.

ఫోన్ మోగుతూనే ఉంది. కట్ చెయ్యొచ్చు. లేచి బయటికి పోవచ్చు. రైలెక్కి ఇంటికెళ్ళి అన్నం వండొచ్చు. ఉషకి తండ్రి ఉంటాడు. అరవై దాటిన ముసలివాడు జైల్లో ఉంటాడు, ఎలాగూ అతనే అలా కోరుకున్నాడు. ఈ గదిలో ఉన్న బకెట్ మాత్రం ఇలాగే ఉంటుంది.

ఈశ్వరి ఫోన్ తీసింది. పచ్చగుర్తు నొక్కింది. అదే వేలితో స్పీకరూ నొక్కి, ఇద్దరికీ మధ్య మంచం మీద పెట్టింది.

"ఏటే, ఎల్లినావా? ఇంట్లోకి రానిచ్చినారా?" త్రినాథ్ గొంతు ఆదరాబాదరాగా ఉంది.

"రానిచ్చినారు బావా."

"ఆళ్ళ కాడ వీడియో గాని ఉన్నాదేటి? ఆ గుంట తల్లి ఫోను పట్టుకుని తీసినాది, నాను సూసినాను."

కొత్తవలసలో ఉన్నవాడు ఎలా చూశాడో ఈశ్వరి అడగలేదు. "ఎందుకు బావా?" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఎందుకేటే? అది బయటకొత్తే నానూ సారూ ఇద్దరం అయిపోతాం. ఉన్నాదా నేదా సెప్పు. ఉంటే నువ్వు అక్కడ్నించి బేగి ఎలిపోయిరా. నీకేటీ కాకూడదని సెప్తన్నాను. సారు మనుసుల్ని పంపినాడు. నీ రైలుకే వచ్చినారు, నీకు కనపడకుండా ఎనకాలే నడిసినారు. ఆ ఫోను ఆళ్ళు సూసుకుంతారు. ఇంతన్నావా? ఈశ్వరీ?"

పద్మకుమారి కూతురి గొంతు ఉన్న ఫోన్ని రెండు చేతులతో గుండెకి అదుముకుంది.

వీధి గేటు గొళ్ళెం తీసిన చప్పుడైంది. అరుగు మీంచి జోగయ్య గొంతు వినిపించింది.

"ఎవుల తాలూకా బాబూ మీరు?"